అంతర్జాతీయ సంస్థల కొలువులు: మన అజ్ఞానము, మన కర్తవ్యము

గత మాసమున మన సంఘ కార్యవర్గము సమావేశమై విద్యానిధి లెక్కలు చూచుచుండగా, "రావలసిన అప్పులు" అను శీర్షిక క్రింద 75,000 రూపాయల పద్దు ఒకటి చదువబడినది. అది ఎన్నటికి వసూలగునని యువసభ్యుడొకడు ప్రశ్నించెను. కార్యదర్శిగారు జవాబు చెప్పక నా వంక చూచిరి. వారు చూచుట న్యాయమే. ఆ చెక్కుపై సంతకము చేసినవాడను నేనే. ఈ సంగతి పత్రికలో వ్రాయవలదని హితులు కొందరు చెప్పిరి. వ్రాయనిచో ఇంకొక ఊరి సంఘమున ఇంకొక అధ్యక్షుడు అట్టి సంతకమే చేయునని నా భయము.

జరిగినది ఇది. మన కుటుంబములలోని యువకుడొకడు బి.కాం. పూర్తిచేసి రెండేండ్లు ఒక ఆడిటరు కచేరీలో పనిచేసియున్నాడు. బుద్ధిమంతుడు. అతనికి ఐక్యరాజ్యసమితి ముద్రతో ఉత్తరమొకటి వచ్చినది. జెనీవా నగరమున పి-4 హోదాలో ఆర్థికాధికారిగా నియమించితిమనియు, వీసా ఖర్చులకు, శిక్షణకు, తిరిగి ఇయ్యబడు డిపాజిట్టుకు కలిపి రెండు లక్షల పదివేలు ముందుగా కట్టవలెననియు అందున్నది. తండ్రి తన చేతనైనంత కూడబెట్టి, తక్కువపడినదానికై నా అంగడికి వచ్చెను. "అన్నా, మనవాళ్లలో ఐక్యరాజ్యసమితికి పోయేవాడు వీడే మొదటివాడు. సంఘానికే పేరు గదా" అనెను. ఆ మాట నాకును రుచించినది. ఉత్తరము చూచితిని; ముద్ర చూచితిని; నీలివర్ణపు అక్షరములు చూచితిని. పి-4 అను రెండు గుర్తులపై మాత్రము నా దృష్టి నిలువలేదు. డబ్బు చేరిన నాలుగవ దినమున ఆ ఫోను మూగవోయినది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చితిమి. మాకు దాని రసీదు మాత్రము మిగిలినది.

మోసమంతయు ఆ రెండు గుర్తులలోనే బయటపడియున్నది. ఐక్యరాజ్యసమితి సచివాలయమున పి-4 ఉద్యోగమునకు ఉన్నతపట్టముతో పాటు కనీసము ఏడేండ్ల అనుభవము అడుగుదురు. రెండేండ్లు పనిచేసిన బి.కాం. పట్టభద్రునికి పి-4 ఇచ్చితిమని వ్రాసినవాడు ఆ మెట్ల సంగతి తెలియని దొంగయైనను కావలెను, మనకు తెలియదని ఎరిగిన దొంగయైనను కావలెను. అంతియేగాక, దరఖాస్తు మొదలు శిక్షణ వరకు నియామకమున ఏ దశయందును తాము రుసుము తీసికొనమని ఆ సమితి బహిరంగముగా ప్రకటించియున్నది. ఈ రెండు సంగతులు తెలిసియుండినచో ఆ ఉత్తరము చదువుటకు పట్టిన కాలములోనే చెక్కుబుక్కు మూసియుందును.

నేను మిరపకాయల వ్యాపారిని. గోతములో చేయిపెట్టి పిడికెడు కాయ తీసినచో రంగు, తొడిమ, తేమ చూచి తాలు ఎంత కలిసినదో చెప్పగలను. నా చదువు మెట్రిక్కుతో ముగిసినను సరకు విషయమున నన్ను మోసగించినవారు తక్కువ. కొలువుల విషయమున మోసపోయితిని. ఏలయనగా ఆ బజారు గ్రేడులు నాకు తెలియవు. ఆనాటినుండి ఆ సంస్థల ప్రకటనలు, నియమావళులు పిల్లలచేత చదివించుకొని, ఢిల్లీలో అట్టి కచేరీయందు పనిచేయుచున్న మనవారినొకరిని అడిగి, తెలిసికొన్నంత ఇక్కడ వ్రాయుచున్నాను.

మొట్టమొదట విడువవలసిన భ్రమ అంకెను గూర్చినది. మన బజారున ఒకటవ రకము మేలైనది. పూర్వము మన ప్రభుత్వమున క్లాస్ వన్ అధికారి పైవాడు, క్లాస్ ఫోర్ ఉద్యోగి క్రిందివాడు. తరువాత వారినే గ్రూప్ ఏ, గ్రూప్ బి అని పిలిచిరి. ఐక్యరాజ్యసమితి మెట్లు దీనికి తలక్రిందులు. అక్కడ ఒకటి అడుగుమెట్టు; అంకె పెరిగినకొలది పదవి పెరుగును. అంతటితో చిక్కు తీరదు. అంకెకు ముందు అక్షరమున్నది. అక్షరము వర్గమును చెప్పును. అంకె ఆ వర్గములోని మెట్టును చెప్పును. ఒక వర్గపు అంకెను వేరొక వర్గపు అంకెతో పోల్చుట, మిరపబస్తాల లెక్కను నూనెడబ్బాల లెక్కతో పోల్చుట వంటిది.

కొన్నేండ్ల క్రిందట మా బంధువుల యింట ఒక పెండ్లిసంబంధము విషయమున ఈ పోలికయే జరిగినది. ఇద్దరు వరులు తటస్థించిరి. ఇద్దరును అంతర్జాతీయ కచేరీలలో పనిచేయువారే. ఒకరిది జి-6, ఒకరిది పి-2. ఇంటి పెద్దమ్మ వ్రేళ్లు మడిచి, "ఆరు పెద్దదా, రెండు పెద్దదా?" అని ఒక్కమాటలో తీర్పు చెప్పెను. నేనును తలయూపితిని. ఆ పిల్ల జి-6 వానినే చేసికొని సుఖముగా కాపురము చేయుచున్నది. వరుని మంచితనము గ్రేడులో ఉండదు గావున ఆ తీర్పువలన నష్టమేమియు కలుగలేదు. కాని తీర్పు చెప్పిన పద్ధతి తప్పు.

జి అనగా జనరల్ సర్వీసు. వాహనచోదకులు, గుమాస్తాలు, లెక్కలు వ్రాయువారు, కార్యాలయ సహాయకులు ఈ వర్గమువారు. సాధారణముగా జి-1 నుండి జి-7 వరకు మెట్లుండును. కచేరీ ఉన్న ఊరినుండియే వీరిని నియమింతురు. చాలమట్టుకు హైస్కూలు చదువు, దానిపై అనుభవము అర్హతగా అడుగుదురు. పి అనగా ప్రొఫెషనల్ వర్గము. పి-1 మొదలు పి-5 వరకు అయిదు మెట్లు. పి-1 వాడుక అరుదు. పి-2కు రెండేండ్లు, పి-3కి అయిదేండ్లు, పి-4కు ఏడేండ్లు, పి-5కు పదేండ్ల అనుభవము సచివాలయమున సామాన్యముగా కోరుదురు. ఎం.ఏ. వంటి ఉన్నతపట్టము ఉండవలెను. లేనిచో మొదటి పట్టముపై రెండేండ్ల అనుభవము అదనముగా చూపవలెను. దానిపైన డి-1, డి-2 అను డైరెక్టరు పదవులు. డి-1కే పదునైదేండ్ల అనుభవము కావలెను. ఆ పైన సహాయ ప్రధాన కార్యదర్శులు, ఉపప్రధాన కార్యదర్శులు, అందరిపైన ప్రధాన కార్యదర్శి. అంతవరకు పోయి చూచుట మనకిప్పుడు అవసరము లేదు.

మనకు ముఖ్యమైన వర్గము వేరొకటి కలదు. దానిని మనవారు గమనించుటయే లేదు. అది నేషనల్ ప్రొఫెషనల్ ఆఫీసరు వర్గము, పొడిగా ఎన్.ఓ. అందురు. ఆ దేశపు పౌరులనే, ఆ దేశములోనే పనిచేయుటకై, ఆ దేశపు సంగతులు తెలిసినవారని నియమింతురు. ఇది గుమాస్తాపని గాదు. పట్టభద్రులు చేయు బాధ్యతగల పని. ఇందు మెట్లను అంకెలతో గాక అక్షరములతో చెప్పుదురు: ఎన్.ఓ.-ఏ, బి, సి, డి. ఇక్కడ మరల జాగ్రత్త వలయును. మన గ్రూప్ ఏ వలె ఇది పైమెట్టు కాదు. ఏ అడుగున, డి పైన. కొత్తగా చదువు ముగించి ఒకటి రెండేండ్లు పనిచేసిన మన పిల్లలకు తలుపు తీసియుండునది ఈ ఎన్.ఓ.-ఏ వద్దనే. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి ఆగ్నేయాసియా ప్రాంతీయ కార్యాలయము ఢిల్లీలోనే యున్నది. బాలల నిధియైన యూనిసెఫ్ వారికి ఢిల్లీలో ప్రధాన కచేరీయే గాక రాష్ట్రములలోను కచేరీలున్నవి. జెనీవాకై కలలు కనువారు ఇంటి ప్రక్కనున్న కచేరీ ప్రకటనను చదువరు.

ఇంకొక సంగతి మన పెద్దలకు వింతగా తోచును. మన ప్రభుత్వోద్యోగమున మనిషి పదవిని మోయును. సర్వీసు పెరిగినకొలది పైపదవి వచ్చునని ఎదురుచూచును. అక్కడ మెట్టు కుర్చీకి చెందినది గాని కూర్చున్నవానికి గాదు. ఫలానా పని ఇంత బాధ్యత గలది, ఇంత జ్ఞానము కోరునది అని తూచి ఆ కుర్చీకి పి-3 అని చీటీ అంటింతురు. ఈ తూనిక అన్ని సంస్థలకు ఒక్కరీతి నుండవలెనని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1974లో అంతర్జాతీయ సివిల్ సర్వీసు కమిషనును స్థాపించినది. అందు పదునైదుగురు సభ్యులు. పి-3 కుర్చీలో ఇరువదియేండ్లు కూర్చున్నను అది పి-3యే. ఆ కాలమున జీతములో చిన్న మెట్లు మాత్రము పెరుగును. మొదటివి ఏటేటను, పైవి రెండేండ్లకొకసారి. పి-4 కావలెనన్నచో పి-4 కుర్చీ ఖాళీయైనప్పుడు కొత్తవానివలె దరఖాస్తు పెట్టి, బయటివారితో పోటీపడి గెలువవలెను. కాబట్టి "మా అబ్బాయికి పదేండ్లయినా ప్రమోషను రాలేదు, ఏదో తప్పు చేసియుండును" అని ఎవరైనను అన్నచో నమ్మకుడు.

జీతముల సంగతి వ్యాపారినైన నాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది. అందు రెండు న్యాయములున్నవి. రెండును రెండు సంఘముల అధ్యక్షుల పేర్లతో పిలువబడుచున్నవి. 1921లో నానాజాతిసమితి కాలమున నోబుల్‌మేర్ అనువారి సంఘము ఒక సూత్రము చెప్పినది. అన్ని దేశములవారును వచ్చి పనిచేయవలెనన్నచో, జీతములెక్కువగా ఇచ్చు దేశపు సర్కారు ఉద్యోగియు రాదగినంత జీతము ఉండవలెనని దాని భావము. అందుచేత పి వర్గపు జీతములకు అమెరికా సమాఖ్య ప్రభుత్వోద్యోగుల జీతములు కొలబద్దయైనవి. మూలవేతనము లోకమంతట ఒక్కటియే. ఊరి ధరలనుబట్టి పోస్ట్ అడ్జస్ట్‌మెంటు అను మొత్తము దానికి కలుపుదురు. జెనీవాలో రొట్టె ధర వేరు, ఢిల్లీలో వేరు గదా. జి వర్గమునకు 1949నాటి ఫ్లెమింగ్ సూత్రము వర్తించును: ఆ ఊరిలోని మంచి యజమానులు ఇచ్చు మేలైన జీతములతో సమానముగా నుండవలెను. ఎన్.ఓ. వారికిని స్థానికపు లెక్కయే. అనగా పి వాని జీతము ప్రపంచపు బజారుధర, జి, ఎన్.ఓ. వారిది ఊరి బజారుధర.

ఇది న్యాయమేనా అని నన్నడిగినచో పూర్తిగా న్యాయమనలేను. ఒకే కచేరీలో ప్రక్కప్రక్క బల్లల వద్ద ఎన్.ఓ.-సి ఒకడు, పి-3 ఒకడు కూర్చుండి ఒకే జిల్లా లెక్కలు చూచుచుందురు. ఊరిని ఎరిగినవాడు మొదటివాడు. ఎక్కువ జీతము రెండవవానిది. రెండవవాడు ఇల్లు, దేశము విడిచి వచ్చినాడు, రేపు ఎడారిదేశమునకు పొమ్మన్నను పోవలెను అని సమాధానము చెప్పుదురు. అందు సత్యమున్నది. అయినను ఊరి మనిషి జ్ఞానమునకు ఊరి ధరయే కట్టుట నా మనసునకు నచ్చదు.

అంతకన్న ఎత్తైన గోడ జి కిని పి కిని నడుమ కలదు. ఐక్యరాజ్యసమితి శాసనపత్రము 101వ అధికరణము ఉద్యోగుల యెంపికలో సమర్థత, యోగ్యత, నిజాయితీ ముఖ్యమనియు, వీలైనంత విశాలముగా అన్ని భూభాగములనుండి తీసికొనుట గమనింపవలెననియు చెప్పుచున్నది. దేశములవారీ లెక్క పి వర్గమునకే కాని జి వర్గమునకు లేదు. న్యూయార్కులోనో జెనీవాలోనో జి గా చేరినవారందరును మెల్లగా పి లోనికి జరిగినచో దూరదేశములవారికి చోటుండదు. అందుచేత సచివాలయమున జి నుండి పి కి పోవుటకు పోటీపరీక్ష నెగ్గవలెనని 1978లో సర్వప్రతినిధి సభ తీర్మానించినది. అనుబంధ సంస్థలలో నియమములు కొంత భిన్నముగా నున్నవి. ఏదియైనను "ముందు ఎట్లో లోపలికి దూరిపో, తరువాత పైకెక్కవచ్చును" అని మనము పిల్లలకు చెప్పు సలహా అక్కడ చెల్లదు. ఎం.ఏ. చదివి అనుభవము సంపాదించినవాడు జి-4లో చేరుటకు ముందు రెండుమార్లు ఆలోచింపవలెను. హైస్కూలు చదివి కుటుంబభారము మోయువానికి ఆ జి-4యే బంగారము. అతనిని చిన్నచూపు చూచువారికి మన సంఘమున చోటుండరాదు.

వయసున్న పిల్లలకు వేరొక త్రోవ కలదు. యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రాము అను పరీక్షను 2011నుండి నడుపుచున్నారు. ముప్పదిరెండేండ్లకు మించని పట్టభద్రులు కూర్చుండవచ్చును. నెగ్గినవారిని పి వర్గపు అడుగుమెట్లపై తీసికొందురు. కాని తగినంతమంది ఉద్యోగులు లేని దేశములవారికే ఆ అవకాశము. ఆ దేశముల పట్టిక ఏటేటను మారును. ఆ సంవత్సరపు పట్టికలో భారతదేశము పేరున్నదో లేదో చూచుకొనిన తరువాతనే పుస్తకములు కొనవలెను. ఈ పరీక్షకు శిక్షణనిత్తుమని ఎవరైనను వేలకువేలు అడిగినచో మొదట ఆ పట్టిక చూపుమనుడు.

ఇక గ్రేడే లేనివారు కొందరున్నారు. వీరిని మనము ఉద్యోగులనుకొందుము. కన్సల్టెంట్లు నిర్ణీతమైన పనికి నిర్ణీతమైన సొమ్ము పుచ్చుకొని పోవువారు. వారు సిబ్బందిలో చేరరు, పింఛను నిధిలో చేరరు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్లకు జీవనభత్యమిత్తురు. అది జీతము కాదు. వారి ప్రధాన కార్యాలయము జర్మనీలో బాన్ నగరమున నున్నది. వాలంటీరుగా చేరుట తక్కువపని యని నేననను. ఆ అనుభవమును తరువాతి దరఖాస్తులలో చూపుకొనవచ్చును. తాను ఏ వర్గమున నున్నాడో పిల్లవాడు ఇంటివారికి ఉన్నదున్నట్లు చెప్పవలెను, ఇంటివారు దానిని పెంచి ఊరికి చెప్పరాదు. అంతియే నేను కోరునది.

సంస్థ మారినచో అక్షరములును మారును. ప్రపంచబ్యాంకు వారిది వేరు పట్టిక, అందు జి.ఇ., జి.ఎఫ్., జి.జి., జి.హెచ్. అని పోవును. అక్కడి జి ని చూచి ఇది గుమాస్తా వర్గమనుకొన్నచో మరియొక పొరపాటు. విశ్లేషకులు మొదలు డైరెక్టర్ల వరకు ఆ జి క్రిందనే యున్నారు. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ఏ, బి అను రెండు పంక్తులు. బి పంక్తి నిర్వాహకులది, ఏ కంటె పైది. మన తెలుగువారైన దువ్వూరి సుబ్బారావుగారు రిజర్వుబ్యాంకు గవర్నరగుటకు పూర్వము 1999నుండి 2004వరకు ప్రపంచబ్యాంకులో లీడ్ ఎకనమిస్టుగా నుండిరి. అది మెట్లలో నొకటి. యాగా వేణుగోపాలరెడ్డిగారు 2003లో రిజర్వుబ్యాంకు గవర్నరగుటకు ముందు ద్రవ్యనిధిలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టరుగా నుండిరి. అది మెట్టే కాదు. భారతదేశము, మన పొరుగుదేశములు కొన్ని కలిసి పంపు ప్రతినిధి స్థానము. పేరులో డైరెక్టరున్నంత మాత్రమున రెండును ఒకటి కావు. అట్లే హైదరాబాదు చేరువ పటాన్‌చెరువున 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధనాసంస్థ అంతర్జాతీయమైనదే గాని ఐక్యరాజ్యసమితి శాఖ కాదు. అక్కడ అంతర్జాతీయముగా నియమింపబడినవారు వేరు, దేశీయముగా నియమింపబడినవారు వేరు. ఇవి నేర్చుకొనుటకు పెద్ద చదువు అక్కరలేదు. "ఏ సంస్థ? ఏ వర్గము? ఏ మెట్టు?" అని మూడు ప్రశ్నలు వరుసగా అడుగు అలవాటు చాలును.

ఇప్పుడు భాషల సంగతి. ఆంధ్ర, తెలంగాణముల వెలుపల తరతరములుగా స్థిరపడిన మనకు ఇది ప్రాణప్రదమైనది. ఐక్యరాజ్యసమితి అధికారభాషలు ఆరు: అరబ్బీ, చైనా, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యను, స్పానిషు. సచివాలయమున పనిజరుగు భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచి. ఇందు తెలుగు లేదు, హిందీయు లేదు. ఈ ఆరింటిలో రెండవదానిని నేర్చినవానికి పి మెట్లపై బలము చేకూరును. ఇది చదివినప్పుడెల్ల నాకు మన యానాము సోదరులు జ్ఞప్తికి వత్తురు. ఫ్రెంచివారి పాలనలో అక్కడ ఫ్రెంచి రాజభాష. తాతలు ఫ్రెంచిలో దస్తావేజులు వ్రాసిన ఇండ్లలో మనుమలు నేడు ఆ భాషను డబ్బిచ్చి వేరుచోట నేర్చుకొనవలసివచ్చుచున్నది. దొరల భాష పోవుటకు నేను చింతింపను. చేతిలోనున్న పనిముట్టును తుప్పుపట్టనిచ్చితిమే అనునదే నా చింత.

ఎన్.ఓ. కొలువులకు లెక్క వేరు. రాష్ట్రములలోని పనులకు ప్రకటన వెలువడునప్పుడు స్థానికభాష తెలియుట మేలని తరచుగా వ్రాయుదురు. బరంపురమున పెరిగిన మన పిల్లకు ఒడియా, తెలుగు, హిందీ, ఇంగ్లీషు నాలుగును వచ్చును. బళ్లారిలో కన్నడము, హోసూరులో తమిళము, షోలాపురమున మరాఠీ తెలుగుతో సమానముగా మాట్లాడు పిల్లలు మన యింటింట నున్నారు. పొరుగురాష్ట్రపు పల్లెలో ఒక తల్లితో టీకాల గురించి మాట్లాడవలసినవానికి ఇంతకన్న ఏ అర్హత కావలెను? కాని దరఖాస్తులో "మాతృభాష" అని అడిగినచోట మన పిల్లలు కొందరు బడి రిజిస్టరులో నున్నట్లు రాష్ట్రభాషనే వ్రాసి, తెలుగును "కొంచెము" అను గడిలో పెట్టుచున్నారు. మొన్న ఒక పిల్లవానిని అడిగితిని. "తెలుగు చదవడం రాదు మామా, మాట్లాడడమే వచ్చు" అనెను. అతనిది తప్పు గాదు. తెలుగు అక్షరములు నేర్పుటకు ఆదివారపు బడి పెట్టుదమని పదేండ్లుగా తీర్మానములు చేయుచు, పెట్టని మనది తప్పు.

ఈ విషయమెత్తినప్పుడు కార్యవర్గమున ఒక పెద్దమనిషి, "బ్యాంకు, రైల్వే, సర్కారు పరీక్షలకే మన పిల్లలకు దిక్కులేదు, ఐక్యరాజ్యసమితి మెట్లు మనకెందుకు?" అనిరి. వారి మాటను త్రోసివేయలేను. ఆ కొలువులు కొద్ది, పోటీ లోకమంతటిది. కాని మోసగాండ్రు ఆ పెద్దమనిషి సలహా వినరు. బ్యాంకు గుమాస్తాపనికి దొంగ ఉత్తరము తెచ్చినచో మనలో పదిమంది దానిని పట్టుకొందురు. ఏలయనగా మనలో పదిమంది ఆ పని చేసియున్నారు. ఎరుగని కొలువుకే దొంగ ఉత్తరము వచ్చును. ఊరిలో ఎవరును చూడని సరకునకే దళారి ఎక్కువ ధర చెప్పును. ఇది నా వృత్తిలో నేనెరిగిన సంగతి.

కావున వచ్చు సర్వసభ్య సమావేశమున మూడు ప్రతిపాదనలు పెట్టదలచితిని. విదేశపు కొలువుకని విద్యానిధినుండి అప్పు అడిగినప్పుడు ఆ ఉత్తరమునందలి సంస్థను, వర్గమును, మెట్టును, అడిగిన అనుభవమును ఇద్దరు చదువుకొన్న సభ్యులు ఆ సంస్థ ప్రకటనతో పోల్చి వ్రాతమూలముగా నివేదింపవలెను. అధ్యక్షుడొక్కడే సంతకము చేయరాదు. నియామకమునకై రుసుము కట్టుమను ఏ ఉత్తరమునకును నిధినుండి దమ్మిడి ఇయ్యరాదు. మూడవది, ఆదివారపు తెలుగుబడి ఈ యేడు తెరువవలెను. అందు పైతరగతుల పిల్లలకు ఫ్రెంచి నేర్పుటకు ఉపాధ్యాయుడు దొరికినచో ఆ జీతములో సగము నా అంగడి ఇచ్చును.

ఆ యువకుడు ఇప్పుడు మరల అదే ఆడిటరు కచేరీలో పనిచేయుచు రాత్రులు ఎం.కాం. చదువుచున్నాడు. నెలకు 1,500 రూపాయలు నిధికి తిరిగి కట్టుచున్నాడు. ఇంతవరకు ఒక్క నెలయు తప్పలేదు. అతడు కట్టు ప్రతి 1,500కు నేనును అంతే జమకట్టుదునని కార్యదర్శిగారికి వ్రాసియిచ్చితిని. లెక్కల పుస్తకమున అప్పు తీసికొన్నవాని పేరు ప్రక్కన పూచీదారుని గడి ఖాళీగా నున్నది. అందు నా పేరు వ్రాయుడని చెప్పితిని.